వేడినీళ్లలో దిగని అక్క

మొన్న శుక్రవారం పొద్దున మా పక్కింటి అక్క కన్నుమూసింది. నేను దేవుడి దగ్గర దీపం పెడుతుంటే ఆమె కోడలు గోడ మీదుగా పిలిచింది. పోయేసరికి అంతా అయిపోయింది.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. భర్త పోయినా అక్క మగ్గం ఆపలేదు. మగ్గం గుంటలో కాళ్లాడించీ ఆడించీ మోకాళ్లు అరిగిపోయాయి. గోడ పట్టుకుని లేచేది. "జర ఆగు చెల్లె, నా కాళ్లు నా మాట వింటలేవు" అని నవ్వేది. తెగిన తెల్లనూలు పోగులు దాచి, నా దీపానికి వత్తులు చేసి ఇచ్చేది.

పోయిన చలికాలం మా వాడకట్టు ఆడవాళ్లం ఒక్కరోజు టూర్‌కు పోయాం. గోదావరి అవతల అడవి పార్కులో భూమిలోంచి వేడినీళ్లు ఉబుకుతాయి. అందులో కూర్చుంటే మోకాళ్ల నొప్పి తగ్గుతుందని ఎవరో చెప్పారు. అక్క అందుకే బయలుదేరింది. వ్యాన్‌లో దారంతా అదే మాట.

గైడ్ మెడలో విజిల్ వేసుకుని ముందు నడిచాడు. కుతకుతమనే బురదగుంటలు చూపించి, "కంచె దాటొద్దమ్మా, గుడ్డు వేస్తే ఉడుకుతది" అన్నాడు.

"అట్లయితే మా గ్యాస్ అయిపోయినప్పుడు ఇటే వస్త బిడ్డా" అంది అక్క. అతనూ నవ్వాడు.

ఆఖరున స్నానానికి కట్టిన చిన్న తొట్టి. అరగంటే టైం అన్నాడు. అక్క కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్టు దగ్గరికి పోయింది. మాలో పెద్దావిడ పసుపు కుంకుమ పొట్లాలు తీస్తూ, "నువ్వాగు. ముత్తైదువలం ముందు గంగమ్మకు పెట్టి మునుగుతం. నువ్వు ఆఖర్ల దిగు" అంది.

"నొప్పి ఆమెకే కదా పెద్దమ్మా, ముందు దిగనీయండి" అన్నాను.

"రోజూ పూజలు చేసేదానివి, నీకు నేను చెప్పాల్నా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. "లొల్లి వద్దు చెల్లె. నీళ్లు యాడికి పోతయి."

నీళ్లు ఎక్కడికీ పోలేదు. వాళ్లు మునిగారు, ఫోటోలు దిగారు, మళ్లీ మునిగారు. అక్క గట్టు మీద అందరి చెప్పులకూ బ్యాగులకూ కాపలా కూర్చుంది. ఆమె వంతు వచ్చి ఒక్క కాలు నీళ్లలో పెట్టిందో లేదో, గైడ్ విజిల్ ఊదాడు. "ఇంకో బ్యాచ్ వచ్చిందమ్మా, వ్యాన్ ఎక్కండి." నేను బతిమాలినా వినలేదు. అతని డ్యూటీ అతనిది.

"మంచిగ వెచ్చగున్నయి" అంది అక్క వ్యాన్‌లో, అంతే. ఆ తర్వాత మాత్రం కలిసినప్పుడల్లా అడిగేది, "మళ్ల ఎప్పుడు పోతరట?" అని. ఎవరూ పోలేదు. వానాకాలం వచ్చేసరికి ఆమె మంచం దిగలేకపోయింది.

శుక్రవారం ఆ టూర్ ఆడవాళ్లంతా వచ్చారు. "పుణ్యాత్మురాలు, ఒక్కనాడూ ఎదురు మాట్లాడలే" అని కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ఆ మాట నాకు ఇంకా గొంతు దిగలేదు. నాకు దేవుడి మీద కోపం లేదు. ఆయన పేరు చెప్పి ఆమెను గట్టు మీద కూర్చోబెట్టినవాళ్ల మీద ఉంది. అది తప్పైతే ఆయనే చూసుకుంటాడు.

కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తుంది. చెప్పులు చేత పట్టుకుని అక్క నా ముందు నడుస్తోంది, బండల మీద ఒక్క కాలి తడి గుర్తే పడుతోంది. ఎండకు ఒక్కొక్కటే ఆరిపోతోంది.