దీపం ఎత్తుకుపోయిన పిట్ట

2022. కరోనా తర్వాత బళ్ళు మళ్ళీ మామూలుగా నడుస్తున్న ఏడాది. తెనాలిలో ఒక మందుల షాపు పైన, మేడ మీది రెండు గదుల క్లినిక్‌లో నేను స్పీచ్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. మాట ఆలస్యమైన పిల్లలు, నత్తి ఉన్నవాళ్ళు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్ళు మా దగ్గరికి వస్తారు. మందులూ సూదులూ ఉండవు. ఒక చాప, కొన్ని బొమ్మలు, ఒక అద్దం, వీటికి తోడు నా పాత లాప్‌టాప్.

ఆ లాప్‌టాప్‌లో కొన్ని యానిమేషన్ లఘుచిత్రాలు దాచుకున్నాను. అన్నీ మాటలు లేనివే. పిల్లలు రోజూ చూసే కార్టూన్లలో అందరూ గడగడా మాట్లాడేస్తారు, చూసేవాళ్ళకి చెప్పడానికి ఏమీ మిగలదు. మాటలు లేని చిత్రంలో కథంతా రంగుల్లో, చూపుల్లో, ఒక మనిషి తల తిప్పే తీరులో ఉంటుంది. చెప్పే పని మనకు వదిలేస్తుంది.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఎనిమిది నిమిషాల చిత్రం. మొదట్లో ఆకుల దండల మధ్య అది గెలుచుకున్న బహుమతుల పేర్లు వస్తాయి. తర్వాత అంతా నీలం. మా రేపల్లె అవతల కృష్ణ సముద్రంలో కలిసే చోట పొద్దు వాలాక కనిపించే నీలం. నీళ్ళ మధ్య కర్రల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు. అందులో ఒక పిల్ల. రోజూ సాయంత్రం గుమ్మంలో దీపం పెడుతుంది. చిత్రం మొత్తంలో పసుపు రంగు ఆ దీపానికొక్కదానికే. పొడుగు కాళ్ళ తెల్లపిట్ట ఒకటి వచ్చి మెట్టు మీద వాలుతుంది. ఇద్దరూ దీపాన్ని చూస్తూ కూర్చుంటారు. ఒక సాయంత్రం ఆ పిట్ట దీపాన్ని ముక్కున కరుచుకుని ఎగిరిపోతుంది. పిల్ల చీకట్లో మిగిలిపోతుంది. చాలాసేపటికి, నీళ్ళకు అవతల, ఎంతో దూరాన, ఒక పసుపు చుక్క వెలుగుతుంది. పిల్ల ముఖం మీద చిన్న నవ్వు. అంతే.

ఆ నవ్వు ఎందుకో నాకు తెలియదు. తెలియకపోవడమే దాని అందం అనుకునేదాన్ని.

ఆ ఎండాకాలం బాపట్ల నుంచి ఒక కుటుంబం వచ్చింది. పాప పేరు మెహర్ అనుకుందాం. నాలుగేళ్ళు. తండ్రి ఆటో సీట్లకు కుషన్లు కుట్టే పనిలో ఉంటాడు కాబట్టి తల్లి రేష్మా, నాయనమ్మ కలిసి రైల్లో తీసుకొచ్చేవారు. నాయనమ్మని పాప దాదీ అంటుంది కాబట్టి మాకందరికీ ఆవిడ దాదీయే. మెహర్‌కి వినికిడి బాగానే ఉంది. దాదీ, పానీ, అన్నం లాంటి విడి మాటలు కొన్ని, టీవీ ప్రకటనల్లోని పాట ముక్కలు కొన్ని వచ్చు. రెండు మాటలు కలిపి తనకు తానుగా చెప్పింది ఎవరూ వినలేదు.

నేను లాప్‌టాప్ తెరవగానే దాదీ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"ఫోన్ చూసీ చూసీ పిల్ల ఇలా అయిందని ఊరంతా తిడితే మాన్పించాం. మీరేంటి మేడమ్, ఇంకా పెద్ద ఫోన్ పెట్టారు?"

"ఇది వేరండి దాదీ. ఇందులో ఎవరూ మాట్లాడరు. దీనికి పెద్ద పెద్ద బహుమతులొచ్చాయి."

"మాట్లాడకపోతే బహుమతా! మరి మా మెహర్‌కి ఎందుకివ్వరు?"

రేష్మా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లో ఉర్దూ మానేయండి, రెండు భాషలతో తికమక పడుతోంది అంటున్నారు మేడమ్ మావాళ్ళు. మానెయ్యాలా?"

"అక్కర్లేదమ్మా. రెండు భాషల వల్ల మాట ఆగిపోదు. మీకు ఏది వస్తే అది మాట్లాడండి."

రేష్మా నెమ్మదిగా అంది. "అది గబగబా మాట్లాడెయ్యాలని నాకు లేదు మేడమ్. అది కిటికీ దగ్గర కూర్చుని గంటలు గంటలు బయటికి చూస్తుంది. రాత్రిళ్ళు ఏడుస్తుంది. ఎందుకో తెలియదు. దాని మనసులో ఏముందో ఒక్కసారి తెలిస్తే చాలు."

మా పనిలో వెయిట్ టైమ్ అని ఒకటుంది. చిత్రాన్ని ఒక చోట ఆపి, ప్రశ్న అడగకుండా, పిల్ల ముఖంలోకి ఆశగా చూస్తూ ఊరుకోవడం. వినడానికి తేలికే. ఆ నిశ్శబ్దంలో పెద్దవాళ్ళు కూర్చోలేరు. "ఇదేంటి? పిట్ట అను, పిట్ట" అని రేష్మా అందించేసేది. ఆమె త్వరగానే నేర్చుకుంది. దాదీతోనే చిక్కు. ఆవిడ ఏ సీరియల్ చూసినా పక్కనుంచి వ్యాఖ్యానం నడిపే మనిషి. మెహర్ నోరు తెరిచేలోపు ఆవిడ నాలుగు మాటలు చెప్పేసేది. అందుకని దాదీని బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ఆవిడకు కోపం వచ్చింది. "నా మనవరాలికి మాట రావాలంటే నా నోరు కట్టెయ్యాలంట" అని కింద మందుల షాపు అబ్బాయితో కూడా చెప్పుకుంది.

వారాలు గడిచాయి. మెహర్ వచ్చేది, ఆ చిత్రమే కావాలని వేలితో చూపించేది, రెప్ప వేయకుండా చూసేది. నేను ఆపేదాన్ని, ఎదురుచూసేదాన్ని. తను నీలం తెరని చూస్తూ ఉండిపోయేది. సబొటాజ్ కూడా చేశాను. అంటే, పిల్ల సరిదిద్దుతుందని కావాలనే తప్పు చేయడం. చెప్పు తీసి చేతికి తొడుక్కున్నాను. మెహర్ నా వంక జాలిగా చూసి, చెప్పు లాగి, నా కాలికి తొడిగి, మళ్ళీ తెర వైపు తిరిగింది. ఒక్క మాట లేదు. ఆ రోజు రేష్మా ముఖం చూడలేకపోయాను.

తర్వాత ఒక సాయంత్రం పెద్ద వాన. వరండాలోకి జల్లు కొడుతుంటే దాదీని లోపలికి పిలవక తప్పలేదు. అంతలో కరెంటు పోయింది. కిటికీలు మూసిన గదిలో లాప్‌టాప్ వెలుగొక్కటే. గోడలు, చాప, మా నలుగురి ముఖాలు, అన్నీ నీలం. వాన చప్పుడు తెరలోని నీళ్ళదో బయటిదో తెలియడం లేదు. మేము కూడా ఆ కర్రల ఇంట్లోనే కూర్చున్నట్టు ఉంది.

దాదీ ఆ చిత్రాన్ని పూర్తిగా చూడటం అదే మొదలు. చాలాసేపు బుద్ధిగానే ఉంది. పిట్ట దీపాన్ని కరుచుకుని లేవగానే మాత్రం ఆగలేకపోయింది.

"అరె! దొంగ పిట్ట! చూశావా బేటీ, దీపం ఎత్తుకుపోయింది. ఆ పిల్లని చీకట్లో పడేసి పోయింది. ఎంత నమ్మకద్రోహం!"

ఊరుకోమని సైగ చేయడానికి నేను చెయ్యెత్తాను.

"నై."

మెహర్ గొంతు. దాదీ వైపు తిరిగి నిలబడింది.

"దొంగ కాదు."

రేష్మా ఒక్క ఊపున పిల్లని దగ్గరికి తీసుకోబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

దాదీకి ఇవేమీ పట్టలేదు. ఆవిడ నిజంగానే వాదనలోకి దిగింది. "దొంగ కాకపోతే ఏంటి మరి? అడిగి తీసుకుందా?"

మెహర్ తెర దగ్గరికి వెళ్ళి ఎడమ పక్క కింది మూలను వేలితో పొడిచింది. అక్కడేమీ లేదు. తను మళ్ళీ పొడిచింది, నా వంక చూసింది. వెనక్కి జరపమంటోందని అర్థమై, కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకెళ్ళాను. మొదటి నిమిషం దగ్గర తను నా చేతి మీద చెయ్యేసింది. ఆ మూలలో, అవతలి ఒడ్డు రెల్లు దుబ్బుల అడుగున, నలుపులో కలిసిపోయిన గూడు. అందులో రెండు చుక్కలు. చూస్తుండగా ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి.

ఆ చిత్రాన్ని ఎందరు పిల్లలకు చూపించానో లెక్కలేదు. ఆ కళ్ళను నేను ఎన్నడూ చూడలేదు.

"పిల్ల ఉంది," అంది మెహర్ గూడు మీద వేలు పెట్టి. "చీకటి." కాసేపు ఆగింది. "భయం." ఇంకా ఆగింది. "అమ్మీ లైట్ తెచ్చింది."

రేష్మా మోకాళ్ళ మీద జరుగుతూ పాపకి ఎదురుగా వచ్చింది. "నీకూ చీకటంటే భయమా బేటీ?"

"ఊ."

"రాత్రి లైటు తీసెయ్యగానే గుక్కపట్టి ఏడుస్తుంది మేడమ్," అంది రేష్మా నాతో. చూపు మాత్రం పాప మీదే ఉంది. "ఉన్నది ఒకటే గది. వాళ్ళ నాన్న అలిసిపోయి వస్తారు, వెలుగుంటే నిద్రపట్టదు. మొండితనం అనుకున్నాం. ఒకసారి కొట్టాను కూడా."

దాదీ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. "రోజూ నా పక్కనే పడుకుంటావు కదే! సరేలే, పిట్ట దొంగ కాదు. నేనే తప్పు చూశాను, సరేనా?"

ఆ రాత్రి నుంచి వాళ్ళింట్లో చిన్న బల్బు వెలుగుతోందని తర్వాతి వారం రేష్మా చెప్పింది. ఏడుపు తగ్గిందట. మాట మాత్రం ఒక్క రోజులో వచ్చెయ్యలేదు. ఏడాది పైన పట్టింది. దాదీ మళ్ళీ వరండాలోకి వెళ్ళలేదు. "పొద్దస్తమానం నన్ను కాదు కాదు అంటోంది మేడమ్. మీరే నేర్పారు" అని వచ్చినప్పుడల్లా ఫిర్యాదు చేసేది, మురిసిపోతూ.

ఎదురుచూడటం ఒక్కటే చాలదని ఆ కేసు నాకు నేర్పింది. నేను చేసిన తప్పు ఉత్తుత్తిది. దాన్ని మెహర్ ఇట్టే కనిపెట్టేసింది. దాదీది నిజమైన పొరపాటు. తనకు ప్రాణమైన మనిషి, తనకు ఇష్టమైన పిట్టని దొంగ అంది. అందుకే మెహర్‌కి మాట్లాడక తప్పలేదు. అప్పటినుంచి ఇంటివాళ్ళను బయట కూర్చోబెట్టడం మానేశాను. వాళ్ళు చూసింది వాళ్ళు చెబుతారు, పిల్లలు చూసింది పిల్లలు చూస్తారు. నేను మధ్యలో ఉంటాను.

ఇప్పుడు నాకూ ఒక పాప. ఏడాదిన్నర. ఇంత వయసుకి ఇన్ని మాటలు రావాలని చదువుకున్న చదువే రాత్రిళ్ళు నన్ను నిద్రపోనివ్వదు. పాప మనసులో ఏముందో తెలిస్తే చాలని రేష్మా ఆనాడు అడిగింది ఎంత పెద్ద కోరికో ఇప్పుడు తెలుస్తోంది. నిన్న సాయంత్రం పాపని ఒళ్ళో పెట్టుకుని ఆ చిత్రమే చూశాను. "అదిగో పిట్ట" అనబోయి ఆగాను. పాప వేలు తెర మీదికి సాగింది. పిట్ట మీదికీ కాదు, దీపం మీదికీ కాదు. ఆ గూడు మీదికీ కాదు. నీళ్ళలో ఎక్కడో, నాకేమీ కనిపించని చోట వేలు ఆనించి, నా ముఖంలోకి చూసింది. చిత్రం ఆపేసి, తనతో పాటు నేనూ ఆ చోటునే చూస్తూ కూర్చున్నాను.