వెనక్కి జరిగిన కోచిబండి

మా మ్యూజియంలో కోచిబండి వెనక్కి జరుగుతోందని మొదట కనిపెట్టింది నేనే.

తిరుత్తణిలో మా ఇంటి మగ్గం ఆగిపోయాక తిరువళ్లూరులో ఈ పనికి కుదిరాను. పొద్దున్నే లోకల్ రైల్లో వచ్చి, తలుపులు తీసి, చిమ్మి, టిక్కెట్లు ఇవ్వాలి. మ్యూజియం అంటే పెద్దదేమీ కాదు. ఒకప్పటి భూస్వాముల గుర్రాల సాల. తలుపు దగ్గర రెండు జట్కాలు, లోపలగా నాలుగు చక్రాల నల్లటి కోచిబండి. ఆడవాళ్లు బయటికి కనిపించకూడదని దాని కిటికీలకు చెక్క రెక్కలు పెట్టారు. అవి ఎప్పుడూ మూసే ఉండేవి. ఒంటరిగా చిమ్మేటప్పుడు వాటి వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు ఉండేది. అటు వీపు పెట్టేదాన్ని కాదు.

ఆ ఏడాది దీపావళి నెల ఐప్పసిలో వానలు పట్టుకుని వదల్లేదు. ఒక పొద్దున చూస్తే కోచి వెనక చక్రం తన చోట లేదు. ఏళ్ల తరబడి ఇనప పట్టా ఆని ఉన్నచోట కడప బండ మీద తుప్పు మరక ఉంది. చక్రం ఆ మరకకు జానెడు వెనక ఉంది.

మ్యూజియం బాధ్యత చూసే సార్ రిటైరైన తెలుగు అయ్యవారు. వచ్చీ రాగానే ఆయనా చూశారు.

"ఏం మా, బండి నెట్టినావా?"

"నేనొక్కదాన్నే దాన్ని యాడ నెట్టేది సార్? నిన్న తాళమేసింది మీరే కదా."

ఆయన వెళ్లి తాళం లాగి చూశారు. "ఎవురో ఎక్కి ఊగింటారులే" అన్నారు. చక్రాల వెనక ఒక చెక్క అడ్డం పెట్టించారు.

వాన తెరిపివ్వలేదు. ఆ చెక్క, చక్రం కింద నలిగి నిలువునా చీలింది. గాలి లేకుండానే కిటికీ రెక్కలు టపటప కొట్టుకునేవి. అప్పుడప్పుడు బండల మీద గిట్ట ఆనినట్టు టక్కుమనేది. మేమిద్దరం ఒకేసారి తల ఎత్తేవాళ్లం. వెంటనే ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లం. ఒకరోజు నిమ్మకాయ తెచ్చి చక్రం కింద పెడదామని వంగితే, అక్కడ అప్పటికే ఒకటి కుంకుమ పూసి ఉంది. సార్ వైపు చూశాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని చదువుతున్నారు.

అమావాస్య నాడు గుడికని మా అత్త నాతోపాటు రైలెక్కింది. ఆమె పుట్టిల్లు తిరువళ్లూరే. చిన్నప్పుడు వాళ్ల నాయన ఈ సాలకు గడ్డిమోపులు వేసేవాడట. దర్శనం చేసుకుని మ్యూజియానికి వచ్చింది. గడప దాటబోయి ఆగిపోయింది.

"ఈడ బాయి ఉన్నింది కదా, యాడ పాయ?"

"బాయేంది అత్తా?"

"గుర్రాలకు నీళ్లు తోడే బాయి. ఆ నల్ల బండి వెనకాలనే. ఒక గుర్రం బెదిరి దాంట్లో పడిపాయ. మోకులేసి లాగినారు, రాలేదు. ఒకటే అరుపు. ఆమీట మన్ను పోసి పూడ్చేసినారు."

"సచ్చినంకనే కదమ్మా పూడ్చింది?" అని సార్ అడిగారు.

అత్త ఆయన ముఖంలోకి చూసింది. గడప మీంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

సార్ నా చేతిలోని నీళ్ల సీసా తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని బండల మీద వంచారు. నీళ్లు నేరుగా కోచి వెనక్కి పారి, రెండు బండల సందులోకి దిగిపోయాయి. బయటికి పొర్లలేదు. ఇన్నాళ్లూ నేను నిలబడి చిమ్మింది ఆ బండల మీదే. కింద మన్ను కుంగుతోందని తెలిసి గోడ పక్కకు జరిగాను.

ముందు జట్కాలను కాపాడదామని చెరొక నొగ పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి వరండాలోకి లాగాం. కోచి కోసం మళ్లీ లోపలికి అడుగు వేస్తుంటే అత్త నా కొంగు పట్టుకుంది.

"నువ్వు పోవద్దు. నీకు పిల్లోళ్లు ఉండారు."

సార్ కోచి వైపు చూశారు. "నిజమే మా. వచ్చేయ్" అని తలుపు మూసేశారు.

మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఆయన మ్యూజియం నడిపే ట్రస్టువాళ్లకు ఫోన్లు చేస్తుండగా, లోపల బస్తాలోంచి వడ్లు కారుతున్నట్టు చప్పుడు మొదలైంది. అది పెరిగింది. కిటికీ రెక్కలన్నీ ఒక్కసారిగా కొట్టుకున్నాయి. తర్వాత ఏదో విరిగిన శబ్దం. అత్త చెవులు మూసుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

తలుపు తీసి గడప దగ్గరే నిలబడి చూశాం. కోచి వెనక భాగం నేలలోకి దిగిపోయింది. ముందు చక్రాలు గాలిలో ఉన్నాయి, ఒకటి ఇంకా మెల్లగా తిరుగుతోంది. గుంటలోంచి చాలాకాలం మూసి ఉన్న మట్టి వాసన వచ్చింది. సార్ తలుపు వదిలేసి వరండా చివరికి పోయారు. తలుపు నేనే మూశాను.

వానలు తగ్గాక గొలుసులు వేసి కోచిని పైకి లాగారు. ఇరుసు విరిగింది, వెనక చక్రాల ఆకు కర్రలు పుల్లలయ్యాయి. "ఇంకా తవ్వి చూద్దామా సార్?" అని మేస్త్రి అడిగితే సార్ వద్దన్నారు. రాళ్లు నింపి కాంక్రీటు పోయించారు. కోచి ఇప్పుడు దిమ్మెల మీద ఉంది, దాని చుట్టూ తాడు కట్టాం.

నేల గట్టిదేనని ఇంజినీరు వచ్చి చెప్పిపోయాడు. అయినా లోపలికి పోవాలంటే నేను గోడ పక్కనుంచే నడుస్తాను. సార్ చూసి నవ్వుతారు. ఆయనా గోడ పక్కనుంచే నడుస్తారు.