ముందు మొలిచిన పై పన్ను

సామ్రాజ్యం నోరు మూసుకుని నవ్వగా ఎవరూ చూడలేదు. పల్లెలో ఆడవాళ్ళందరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే రోజుల్లో ఈమె మాత్రం పై వరస పళ్ళన్నీ చిగుళ్ళతో సహా బయటపెట్టి, ఎదుటివాళ్ళ మొహంలో మొహం పెట్టి నవ్వేది. ఇవిగో, ఇవే ఆ పళ్ళు, ఏం చేస్తారో చేసుకోండి అన్నట్టు ఉండేది ఆ నవ్వు. మర్యాదస్తులు తల తిప్పుకునేవాళ్ళు. తిప్పుకుంటే ఆమె ఇంకాస్త గట్టిగా నవ్వేది.

ఈ మొండితనం ఆమెకు ఊరికే రాలేదు. పసిపిల్లలకు మామూలుగా కింది చిగురులో నడిమి రెండు పళ్ళు మొదట పైకి వస్తాయి. సామ్రాజ్యానికి పైవి వచ్చాయి. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మార్కాపురం చుట్టుపక్కల పల్లెల్లో గుడికి పోయేవాళ్ళూ నమ్ముతారు, చర్చికి పోయేవాళ్ళూ నమ్ముతారు. ఆ విషయంలో రెండు మతాలకూ ఏ తగాదా లేదు. ఖర్మ కాలి ఆ ఏడే ఆమె మేనమామ యోబు పలకరాయి గనిలో పని చేస్తుండగా పైనున్న మట్టిగట్టు విరిగి మీద పడింది. తవ్వి బయటికి తీసేసరికి మనిషి పోయాడు. గట్టు ఎందుకు విరిగిందని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరమేముంది, పిల్ల నోట్లో జవాబు తెల్లగా కనిపిస్తుంటే! గని గుత్తేదారు కూడా వచ్చి, పిల్ల సంగతి విని, అయ్యో అని తల ఊపి, తేలికపడిన మనసుతో ఇంటికి పోయాడట.

తల్లిని కన్న అవ్వ ఆ రోజు నుంచి మనవరాలిని ఒళ్ళోకి తీసుకోలేదు. 'మామను మింగింది' అనేదే పిలుపు. బాప్తిస్మంలో పెట్టిన సామ్రాజ్యం అనే పేరు ఆదివారం పూట చర్చిలో తప్ప వినపడేది కాదు. ఆరేడేళ్ళ వయసులో ఆ పై పళ్ళు రెండూ కదిలి ఊడిపోతే పిల్ల వాటిని గుప్పిట్లో పట్టుకుని ఆశగా అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా, ఆ పండ్లు ఊడిపోయినై. ఇంగన్నా నన్నెత్తుకో" అంది.

"పండ్లు పోతే పోయినై. పోయిన నా కొడుకు వస్తాడా?" అని అవ్వ మొహం తిప్పుకుంది.

కొత్త పళ్ళు వచ్చేదాకా ఆ పిల్ల ఏడ్చింది. వచ్చాక ఏడవడం మానేసి, ఇందాక చెప్పిన నవ్వు మొదలుపెట్టింది.

మామను మింగిన పిల్లను చేసుకోవడానికి అందరూ జంకితే, మేనమామలను గురించి బెంగలేని పౌలు అనే కూలీ ముందుకొచ్చి పెళ్ళాడాడు. కొడుకు ఏబేలు, కూతురు ఎలీషబా పుట్టాక అతను జ్వరంతో కన్నుమూశాడు. ఇద్దరు పిల్లలను సాకడానికి సామ్రాజ్యం మిషను ఆసుపత్రిలో ఆయాగా చేరింది. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులవి. ఆసుపత్రిలో మద్రాసులో చదివొచ్చిన డాక్టరమ్మ ఒకరు ఉండేవారు.

డాక్టరమ్మ గదిలో గాజుబీరువా, అందులో ఒక చిన్న దవడ ఎముక. ఎప్పుడో చనిపోయిన ఆరేళ్ళ పిల్లవాడిది. చదువుకునేవాళ్ళు లోపలిది చూడటానికని ముందువైపు ఎముకను సన్నగా చెక్కి తీసేశారు. దుమ్ము తుడవడానికి మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్న సామ్రాజ్యం కదలకుండా నిలబడిపోయింది. పాలపళ్ళు వరసగా ఉన్నాయి. వాటి వేళ్ళ దగ్గర, ఎముక లోపల, ఒక్కో గూట్లో ఒక్కో పెద్ద పన్ను తన వంతు కోసం కాచుకుని కూర్చుంది.

"ఇయ్యన్నీ లోపలికి ఎప్పుడు పోయినయ్ డాక్టరమ్మా?" అని అడిగింది.

"పోలేదు సామ్రాజ్యం, అక్కడే పుట్టాయి" అన్నారావిడ. ఆ పూట రోగులు పలచగా ఉన్నారు కాబట్టి కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. పాలపళ్ళ మొలకలు తల్లి కడుపులో రెండో నెలలోనే మొదలవుతాయట. బిడ్డ భూమ్మీద పడేసరికి ఇరవై పళ్ళూ దవడల్లో సిద్ధమవుతూ ఉంటాయి. పన్నుకు ముందు తల తయారవుతుంది, ఆ తర్వాత వేరు. వేరు సాగేకొద్దీ తల చిగురును తోసుకుని బయటికొస్తుంది. పైన తెల్లగా మెరిసే పొర ఒంట్లో అన్నిటికన్నా గట్టిది, కానీ ఒకసారి చెడితే ఒళ్ళు దాన్ని మళ్ళీ తయారు చేసుకోలేదు. దాని కింద ఎముకలాంటి పొర, ఆ లోపల నెత్తురూ నరమూ ఉన్న మెత్తటి కండ. ఇక పెద్దపళ్ళు వచ్చే వేళకు పాలపళ్ళ వేళ్ళు కొద్దికొద్దిగా కరిగిపోతాయి. చిన్నప్పుడు తన గుప్పిట్లో పట్టుకున్న పళ్ళకు వేళ్ళు లేకపోవడం సామ్రాజ్యానికి అప్పుడు గుర్తొచ్చింది.

"మరి పైవి ముందొస్తే?"

"వస్తే వస్తాయి. అందరి పిల్లలూ ఒకే వరసలో నడుస్తారా, మాట్లాడతారా? ఇదీ అంతే."

"అయితే నా పండ్లు మాయమ్మ కడుపులోనే మొదలైనాయన్న మాట. అప్పటికి మా మామ దుక్కలా ఉన్నాడు" అంది సామ్రాజ్యం. బీరువా మూసి, వెనక వసారాలోకి వెళ్ళి కోపంతో ఏడ్చింది. చిన్నప్పటి నుంచి మోసిన బరువు తనది కాదని తెలిస్తే సంతోషం కలగాలి గదా అని మనం అనుకుంటాం. ఆమెకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అప్పటి నుంచి ఆసుపత్రికి వచ్చిన ప్రతి తల్లికీ ఆ దవడ సంగతి చెప్పింది. వాళ్ళు బుద్ధిగా తలూపి, ఇంటికి పోయి అత్తలు చెప్పినట్టే చేసేవాళ్ళు. ఆమె చెప్పడం మానలేదు.

కొన్నేళ్ళకు ఎలీషబా పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పిల్లకు ఎనిమిదో నెల నడుస్తుండగా చొల్లు కారడం ఎక్కువైంది. సామ్రాజ్యం వేలు పెట్టి చూసింది. కింది చిగురు నున్నగా ఉంది. పై చిగురు మీద రెండు తెల్లటి అంచులు గరుగ్గా వేలికి తగిలాయి.

అంత నోరున్న మనిషికీ భయం వేసింది, దాచడమెందుకు. ఏబేలు ఒక్కగానొక్క కొడుకు. చేస్తున్న పని పలకరాయి గనిలో. యోబు పోయిన గని అదే. ఊళ్ళో వాళ్ళ కొడుకులకు ధైర్యం చెప్పడం వేరు, తన కొడుకని తలుచుకోవడం వేరు. ఒక్క క్షణం ఆమె కూడా తన అవ్వలాగే ఆ పిల్ల మొహం వైపు చూసింది. వెంటనే తన మీద తనకే రోత పుట్టి, పిల్లను గుండెకు అదుముకుంది.

ఎలీషబా ఎవరొచ్చినా పిల్ల నోటికి గుడ్డ అడ్డం పెట్టసాగింది. అట్లాంటివి దాగుతాయా? సంగతి తెలిసి ఏబేలు భార్యతో అత్తగారింటికి పోయాడు. వారం తిరక్కుండానే ఏబేలు మామగారు శాంతయ్య వచ్చాడు. సంఘపెద్ద, ప్రార్థన మొదలుపెడితే పిల్లలు నిద్రపోయి లేచినా ముగించని మనిషి. వెంట గిద్దలూరు రైలుస్టేషను దగ్గర కూర్చుని పళ్ళు పీకే కాశయ్యను తెచ్చాడు. కాశయ్య చేతిలో చిన్న పటకారు ఉంది.

"చెల్లెమ్మా, తప్పుగా అనుకోబాక. నా బిడ్డ కాపురం సంగతి. మోకాళ్ళ మీద ప్రార్థన జేసుకోనే బయల్దేరినా" అన్నాడు శాంతయ్య.

"ప్రార్థన జేసుకున్నోడివి మళ్ళ పటకారు ఎందుకన్నా?" అంది సామ్రాజ్యం.

కాశయ్య అందుకుని, "చిటికెలో పనమ్మా. పాలపండ్లే గదా, ఎట్లయినా ఊడేటివే" అన్నాడు.

"ఊడేదానికి ఇంగా ఏండ్లుంది. దానికి వేరు గూడ సరిగ్గా దిగలా. పైన ఎముకలో రేపటి పన్ను మొలక లేతగా ఉంది. నువ్వు లాగితే పసిదాని చిగురు చీరకపోద్ది, ఆ మొలక గూడ చెడిపోద్ది. నెత్తురు ఆగకపోతే ఎవురు ఆపుతారు, నువ్వా?"

"అల్లుడు గూడ తీయించమన్నాడమ్మా. అందరూ తన దిక్కు శవాన్ని జూసినట్టు జూస్తాన్నారంట" అన్నాడు శాంతయ్య నెమ్మదిగా.

సామ్రాజ్యం కూతురి వైపు చూసింది. ఎలీషబా కళ్ళనీళ్ళు పెట్టుకుని, "తీయిచ్చేద్దాం మా. అన్నకేమన్నా అయితే నిన్నన్నట్టే నా బిడ్డనూ అంటారు. నాకు భయమైతాంది" అంది.

ఏబేలుతో కలిపి నలుగురూ ఒక పక్కనే ఉన్నారు. మాటలతో గెలిచే పని కాదని సామ్రాజ్యానికి తెలిసిపోయింది. చాప మీద పిల్లను తీసి చంకనేసుకుంది.

"వాడన్నాడా? అయితే ఆ మాట వాని నోటితోనే ఇంటా" అని గని దారి పట్టింది.

మేనమామ గండం తీరేదాకా పిల్ల మొహం చూడకూడదని కట్టుబాటు. ఈమె ఆ పిల్లనే మేనమామ దగ్గరికి తీసుకుపోతోంది. "వద్దు మా" అంటూ ఎలీషబా, "పాపం మూటగట్టుకోబాక" అంటూ శాంతయ్య, ఎండలో ఇంతదూరం నడవాల్సి వస్తుందని తెలియని కాశయ్య ఆమె వెనకాల పడ్డారు. ఆమె ఎవరి కోసమూ ఆగలేదు.

గనిలో పనివాళ్ళు గడ్డపారలతో పలకరాయి పొరలు లేపుతున్నారు. పైనున్న మట్టిని దించి, ఆ తర్వాత కింద రాయి తీయడం పద్ధతి. మట్టి దించితే గుత్తేదారుకు పైసా రాదు. అందుకని మట్టిని అట్లాగే ఉంచి, కిందనే లోపల్లోపలికి తొలుచుకుంటూ పోతున్నారు. పైన గట్టు చూరులాగా ముందుకు వచ్చి ఉంది. సరిగ్గా దాని కింద ఏబేలు వంగి గడ్డపార వేస్తున్నాడు.

పిల్లతో బాట వెంట దిగి వస్తున్న తల్లిని చూసి అతను మోచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"మా! పాపను తీసకపో! ఎందుకు తెచ్చినావు?"

పనివాళ్ళు పనులాపి గుసగుసలాడారు. సామ్రాజ్యం ఆ చూరు కిందికి రాకుండా ఇవతలే ఆగింది. పైకి చూసింది. ఆమె అరుపు గనంతా వినపడింది.

"రేయ్ ఏబేలూ! పాపను జూసి కండ్లు మూసుకుంటివే, నెత్తిన ఏముందో జూసినావా?"

ఏబేలు మోచెయ్యిని కళ్ళకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"నాకు పై పండ్లొచ్చిన ఏడు యోబు మామ ఇట్టాంటి గట్టు కిందనే ఉన్నాడు. గట్టునెవురూ ఏమనలా. గట్టు దించకుండా తవ్వించినోన్నీ ఏమనలా. పాలు తాగే నన్నన్నారు! నా బతుకంతా అదే మాట పడితి. రేపు ఇది ఇరిగి నీ మీద బడితే గుత్తేదారు ఏమంటాడ్రా? పిల్లకు పై పండ్లొచ్చినై, నేనేం జేద్దునంటాడు. వాని తప్పు మొయ్యడానికి ఈ ముద్దబంతి మొలకను ఇయ్యమంటావా? ఇయ్యను. పన్ను పీకితే గట్టు నిలబడతాదా? నిలబడతాదని చెప్పు, ఇప్పుడే కాశయ్యకు అప్పజెప్తా!"

ఏబేలు మోచెయ్యి మెల్లగా దించాడు. ముందు మేనకోడలిని చూశాడు. తర్వాత తలెత్తి గట్టును చూశాడు. రోజూ దాని కిందికే వస్తున్నా తలెత్తి చూడటం అతనికి అదే మొదలు. గట్టు పై అంచున వేలు దూరేంత నెర్రె బారి ఉంది.

పైన ఒడ్డున నిలబడ్డ శాంతయ్యకూ ఆ నెర్రె కనిపించింది. ఆయన ప్రార్థన, పటకారు రెండూ మరిచిపోయి, "అల్లుడా! ముందు అక్కణ్ణించి బయటికి రా నాయనా!" అని కేక పెట్టాడు.

ఏబేలు గడ్డపార అక్కడే వదిలి ఇవతలికి వచ్చాడు. సామ్రాజ్యం పిల్లను ముందుకు చాచింది.

"ఏలు పెట్టు" అంది.

అతను చూపుడువేలు పిల్ల నోట్లో పెట్టాడు. ఆ పిల్ల కొత్త పళ్ళ దురదంతా తీరేట్టు కసుక్కున కొరికింది. "అబ్బా!" అన్నాడు ఏబేలు. గనిలో ఎవరో పకపక నవ్వారు. అతనూ నవ్వాడు, కళ్ళు మాత్రం చెమర్చాయి. పిల్లను ఎత్తుకుని బాట ఎక్కడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ పైన తమ నెత్తి మీదికి చూసుకున్నారు. గడ్డపారలు కింద పెట్టి ఒక్కొక్కరే అతని వెనక ఎక్కారు.

ఒడ్డు మీద గొడుగు కింద కూర్చున్న మేస్త్రీ లేచి వచ్చాడు.

"ఏందిరా ఇది? పని ఆపమని ఎవురు జెప్పినారు మీకు?"

పిల్ల ఏబేలు వేలు ఇంకా వదల్లేదు.

"మా మేనకోడలు జెప్పింది మేస్త్రీ" అన్నాడు ఏబేలు. "పైనున్న మట్టంతా దించినాకనే దిగుతాం."