నూనె పుల్ల మీద గీత

నా చిన్నప్పుడు నేను చేసిన దొంగపనులు తక్కువేమీ కావు. పక్కింటివాళ్ళ జామకాయలు, అమ్మ దాచిన బెల్లం, బడిలో బలపాలు, అన్నీ అయ్యాయి. అవన్నీ తిన్నంతసేపే, రాసినంతసేపే. ఒక్క దాని తాలూకు వస్తువు మాత్రం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. మూరెడు పొడవున్న ఇనుప పుల్ల అది. మనవరాళ్ళు అదేమిటని అడిగితే లారీ నాలుక అని చెప్పి తప్పించుకుంటూ ఉంటాను. ఈసారి తప్పించుకోకుండా చెబుతాను.

మాది పెద్దారవీడుకు అవతల, నల్లమల కొండలు కనబడే ఊరు. మద్రాసు రాజధాని రోజులు, మేము కర్నూలు జిల్లావాళ్ళం. మా నేలను ఎంత తవ్వినా నీళ్ళు పడేవి కావు గాని పలకరాయి పడేది. నాయన రైతుల చేలల్లోకి కూలికి పోయేవాడు. అమ్మ పలకల షెడ్డులో రుద్దుడు పనికి పోయేది. గనిలోంచి వచ్చిన బిళ్ళల మీద నీళ్ళు చల్లి, ఇసుకరాయితో ఒక్క గీత కూడా మిగలకుండా రుద్దడమే ఆ పని. అమ్మ పక్కన కూర్చుని ఎనిమిదేళ్ళకే నేనూ నేర్చాను. ఎంత గీతనైనా పోగొట్టగలనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

తయారైన పలకలను మార్కాపురం రైలు స్టేషనుకు చేర్చే లారీని మా మేనమామ నడిపేవాడు. అమ్మకు ఆఖరి తమ్ముడు, అప్పటికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. యుద్ధం రోజులు కావడంతో పెట్రోలు దొరకక, వెనక బొగ్గుల పొయ్యి తగిలించి ఆ గ్యాసుతోనే బండి లాగించేవాడు. ఆ ముసలి లారీకి ఉన్న రోగాల్లో పెద్దది గేరుపెట్టె కారడం. లోపల నూనె ఎంత ఉందో చూడనిదే మామ ఏ పొద్దూ బండి కదిలించేవాడు కాదు. చూడడానికి ఉన్న సాధనం ఈ పుల్లే. దాని కొనకు కాస్త పైన అడ్డంగా ఒక సన్నటి గీత ఉండేది. నూనె తడి ఆ గీతను తాకితే బండి పోవచ్చు, తాకకపోతే ఇంకా నూనె పొయ్యాలి. నూనె చాలకుండా నడిపితే లోపలి చక్రాల పళ్ళు ఒరుసుకుని విరిగిపోతాయనీ, అవి విరిగితే మద్రాసులో కూడా దొరకవనీ మామ చెప్పేవాడు.

పుల్ల మీది మూత ఎప్పుడో పోయింది. దాని బదులు గుడ్డ కుక్కేవాడు గాని, వాన తడీ పలకదుమ్మూ దిగుతూనే ఉండేవి. అందుకని వారానికోసారి పుల్లను శుభ్రం చేసేవాడు. ఆ పని చూడడం నాకు మహా ఇష్టం. ముందు పుల్ల చుట్టూ పేరుకున్న మట్టిని తుడిచి, ఆ తరవాతే పైకి లాగేవాడు. లేకపోతే ఆ మట్టంతా లోపలికే పోతుంది. పోగులు రాలని పాత పంచె ముక్కను కిరసనాయిల్లో ముంచి కొసదాకా తుడిచేవాడు. నూనెలో మునిగి ఉండే కొసకు తుప్పు పట్టదు, పైభాగానికే పడుతుంది. దాన్ని చిన్న రాతిముక్కతో మెల్లగా రాసి, రాలిన పొడి ఒక్క రవ్వ కూడా మిగలకుండా మళ్ళీ తుడిచేవాడు. ఒకసారి నా చేతికే ఇచ్చి రుద్దనిచ్చాడు.

"గీతకు పైపక్క ఎంతన్నా రుద్దు పాపా. గీత మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఈ పుల్లకు ఉండే నోరు అదొక్కటే" అన్నాడు.

ఇక మా అక్క సంగతి. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. నాకు తల దువ్వేది, అన్నం పెట్టేది, చలి రోజుల్లో నా పాదాలను తన పాదాల మధ్య పెట్టుకుని పడుకునేది. అమ్మ పొద్దస్తమానం షెడ్డులోనే ఉండేది కాబట్టి నాకు అమ్మా అక్కా రెండూ తనే. తను పుట్టినప్పుడే మామకు ఇవ్వాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. అందరికీ తెలిసిన మాట కావడంతో ఇంట్లో ఎవరూ దాన్ని పైకి అనేవారు కాదు.

అటువంటి అక్కకు కోస్తాలో ఒక మిషను ఆసుపత్రిలో నర్సు చదువుకు చోటు దొరికింది. దరఖాస్తు కాగితం స్టేషను నుంచి తెచ్చి ఇచ్చినవాడు మామే. పెళ్ళి అయినవాళ్ళకు అక్కడ చోటు లేదు, చదువు అయ్యేదాకా చేసుకోకూడదు కూడా. సోమవారం లోపల రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని ఉత్తరంలో రాశారు. దానికి శనివారం మధ్యాహ్నం రైలు అందుకోవాలి. లారీ తప్ప వేరే దారి లేదు. రాత్రిపూట ఆ దారిన ఎవరూ బండి కట్టరు, పొద్దున ఎద్దుబండి కట్టుకుని పోతే స్టేషను చేరేసరికి రైలు వెళ్ళిపోతుంది.

ఈ లెక్క అంతా నేను పెద్దవాళ్ళ మాటల్లో విన్నాను. లారీ కదలకపోతే అక్క పోదు అన్న ముక్క ఒక్కటే నా బుర్రలో నిలిచింది.

శుక్రవారం మధ్యాహ్నం మామ మా ఇంట్లో అన్నం తింటున్నప్పుడు, అమ్మ ఇసుకరాయి తీసుకుని లారీ దగ్గరికి పోయాను. చుట్టూ మట్టి తుడిచి, పుల్ల లాగి, షెడ్డు వెనక కూర్చుని రుద్దాను. మొదట తుప్పు రుద్దాను. తుప్పు తీస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తరవాత చెయ్యి కిందికి దిగింది. పాతబడి సన్నగిల్లిన గీత అది, పలక మీది గీత కంటే సులువుగానే పోయింది. నీళ్ళు మిగలకుండా పుల్లను నా పావడాకు తుడిచి, రాతిపొడి ఏమైనా ఉందేమోనని రెండుసార్లు చూసి మరీ లోపల పెట్టాను. చెడ్డపనిలో కూడా మామ నేర్పిన శుభ్రం తప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

తెల్లవారి అక్క రేకుపెట్టెతో వచ్చి నిలబడింది. చర్చి సంఘం అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళారు. నాయన బొగ్గుల పొయ్యి రాజేయడానికి గాలి చక్రం తిప్పుతున్నాడు. మామ పుల్ల లాగాడు. చూశాడు. తుడిచి మళ్ళీ ముంచి, మళ్ళీ లాగి చూశాడు. పుల్ల తళతళలాడుతూ ఉంది. తడి ఒకచోట దాకా ఉంది గాని, అది చాలుతుందో చాలదో చెప్పే గీత లేదు. తల ఎత్తి అందరినీ ఒకసారి చూశాడు. చివరికి ఆయన చూపు నా పావడా మీద ఆగింది. దాని మీద నూనె మరక, తుప్పు మరక పక్కపక్కనే ఉన్నాయి. నేను అమ్మ వెనక్కి పోయాను.

ఏమైందని నాయన అడిగాడు. మామ ఒక్క మాట అంటే అమ్మ నా వీపు చీరేసేది. అది చిన్న సంగతి. ఈ పూట బండి పోదు అని ఆయన అన్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పళ్ళు విరగ్గొట్టుకుని ఎవరు పోతారు? సోమవారం దాటిపోయేది. అక్క ఊళ్ళోనే ఉండిపోయేది, పెద్దవాళ్ళు అనుకున్నట్టే అయ్యేది. ఆయన పుల్లను ఇంకోసారి కొసదాకా తుడిచాడు.

"గీత అరిగిపోయింది బావా. పాతది గదా, నేనే ముందుగా లోతుగా గీసుకోవాల్సింది" అన్నాడు. తరవాత నన్ను పిలిచాడు. "ఇట్ల రా పాపా. నీ చెయ్యి కావాల."

లారీ అవతలి పక్కకు తీసుకుపోయి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. పుల్ల కొసకు తన మూడు వేళ్ళు ఆనించి పట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న గీత, అది ఎక్కడ ఉండేదో ఆయన వేళ్ళకు తెలుసు. నా చేతికి ఇనుమును రాసే ఆకురాయి ఇచ్చి, మూడో వేలి పక్కన గీయమన్నాడు. నేను గీయలేదు. ఏడుపు వచ్చేసింది.

"అక్క పోవద్దనేగా?" అన్నాడు. తల ఊపాను.

"నాకు మాత్రం ఉందా పాపా, ఆమె పోవాలని?" అన్నాడు మెల్లగా. నాకేసి కాదు, పుల్లకేసి చూస్తూ అన్నాడు. ఆకురాయిని నా వేళ్ళ మధ్య సరిగా పెట్టి "బండి ఆపేది ఎంతసేపు? గీయి" అన్నాడు.

గీశాను. కళ్ళనీళ్ళలో సరిగా కనబడక గీత కొంచెం వంకర వచ్చింది. లోతుగా పడేదాకా ఆయన వేలు కదల్చలేదు, ఆకురాయి రెండుసార్లు ఆ వేలికి తగిలినా కదల్చలేదు. ఇనుప పొడి రాలకుండా తుడిచి, పుల్ల ముంచి చూస్తే నూనె గీతకు అంగుళం కింద ఉంది. డబ్బాలోంచి నూనె పోసి, తడి నా వంకర గీతను తాకేదాకా చూసుకుని, అప్పుడు బండి ఎక్కాడు. అక్క ఎక్కాక కిందికి వంగి నా పావడా చూసి, ఆ మరకకు కిరసనాయిలు పెట్టి నానబెట్టమని అమ్మకు చెప్పింది. ఆ పొద్దు తను అన్న ఆఖరి మాట అదే. పోతున్నప్పుడు కూడా నా బట్టల గురించే చూసింది.

రైలు అందింది. అక్క చదివింది, నర్సు అయింది. అక్కడే తనతో పనిచేసేవాడిని పెళ్ళి చేసుకుని, కొన్నేళ్ళకు మా వైపే ఉద్యోగానికి వచ్చింది. నా ముగ్గురు పిల్లలనూ చేతుల్లోకి తీసుకున్నది తనే. మామ తరవాత వేరే సంబంధం చేసుకున్నాడు. మంచి అత్త, ఇద్దరు కొడుకులు. అక్క వచ్చినప్పుడల్లా నవ్వుతూ పలకరించేవాడు. ఆ గీత ఎలా పోయిందో అమ్మకు గాని, నాయనకు గాని, అక్కకు గాని ఆయన చెప్పలేదు. నా మీద కోపమైనా చూపలేదు. ఎప్పుడైనా ఏడిపించాలనిపిస్తే "తుప్పు మాత్రం బలే తీసినావులే" అనేవాడు, అంతే.

లారీని పాత ఇనుముకు ఇచ్చేసిన రోజు ఈ పుల్ల ఒక్కటి లాగి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ పొద్దు బండి ఆగిపోవాలని నాకంటే ఎక్కువ కోరుకున్న మనిషి ఆయనేనని నాకు అర్థమయ్యేసరికి నాకే పెళ్ళీడు వచ్చింది. ఆ సంగతి ఆయనతో ఒక్కసారైనా అనలేకపోయాను. అది నా బాధ.

మామ లేడు, అక్కా లేదు. ఏటా వానలు మొదలయ్యే ముందు పుల్ల బయటికి తీసి, పాత పంచె ముక్కను కిరసనాయిల్లో ముంచి తుడుస్తాను. ఇప్పుడు నూనెలో ఉండదు కాబట్టి కొసదాకా తుప్పు పడుతోంది. పై నుంచి రుద్దుకుంటూ వస్తాను. కళ్ళు సరిగా కనబడవు. అయినా ఆ వంకర గీత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే ఆగిపోతుంది.