లండన్ నుంచి రోముకు దారమెంత

ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి, కాళ్ళు చాపుకోండి, చెబుతాను. మెల్‌బోర్న్ పక్కనున్న మా వెర్రిబీలో చలి ముదిరి, సీసాలో తెల్లగా గడ్డకట్టిన కొబ్బరినూనెను హీటరు పక్కన పెడితే, అంచుల నుంచి మెల్లగా కరిగే ఆ వాసన తగిలిందంటే చాలు, నా తొమ్మిదో పుట్టినరోజు కళ్ళముందుకొస్తుంది.

రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకం హడలిపోతున్న ఏడాది అది. వాటిని చక్కబెట్టే పనిమీద నాన్న లండన్‌లో ఉన్నారు. మా అమ్మకొక పట్టింపు: ఇంటి మనిషి ప్రయాణంలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ తలంటుకోకూడదు, చీపురు పట్టకూడదు. నాన్న దిగగానే ఫోను రెండుసార్లు మోగించి పెట్టేసేవారు. ఆ మోత విన్నాకే మా ఇల్లు కదిలేది.

ఆరోజు నేను బడినుంచి రాగానే అమ్మ నా నెత్తిన నూనె పెట్టి, నలుగుపిండి కలిపి, పరవాన్నంలోకి ఏలకులు దంచుతూండగా నాన్న ఫోను. ఉన్నట్టుండి రోము వెళ్ళాల్సొచ్చిందట, ఏడింటికి బయలుదేరి పదిన్నరకు దిగుతారట. లండన్‌లో పొద్దున ఏడంటే మనకు సాయంత్రం నాలుగు. అమ్మ వేళ్ళు మడిచి మూడున్నర గంటలు లెక్కగట్టి, ఏడున్నర దాకా నీళ్ళ జోలికి వెళ్ళొద్దంది. నా స్నేహితులేమో ఏడింటికే వస్తారు. బళ్ళో పిల్లలందరి ముందూ జిడ్డోడుతున్న తలతో కేకు కోయాలా అని నాకు ఏడుపొక్కటే తక్కువ.

అమ్మ చిన్ననాటి స్నేహితురాలు సుజాత ఆంటీ టూవూంబా నుంచి బ్రిస్బేన్ దాకా కారులోనూ, అక్కణ్ణుంచి విమానంలోనూ పొద్దున్నే వచ్చింది. ఆ పట్టింపు మనింటి గడప దాటినవాళ్ళకే గానీ లండన్‌లో గడప దాటినవాళ్ళకు కాదని నచ్చజెప్పబోయింది.

“గడప ఎవరిదైతేనేంటే, మనిషి మనవాడేగా” అంది అమ్మ.

ఏడుకు పావుగంట ముందు ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. నేను స్నానాలగదికి పరుగెత్తబోతే అమ్మ జబ్బ పట్టుకుంది. “ఎవరో రాంగు నంబరు. మీ నాన్న ఇంకా గాల్లోనే ఉన్నారు.”

అప్పుడు తీశాను నా గ్లోబు. కుట్టుపెట్టెలోని దారం లండన్ నుంచి రోము దాకా పట్టి, అంతే దారాన్ని మెల్‌బోర్న్ నుంచి పైకి పరిస్తే బ్రిస్బేన్‌కు అందింది.

“ఆంటీ, పొద్దున మీ ఫ్లైట్ హౌ లాంగ్?”

“రెండు గంటల పైన కాస్త.”

“మరి నాన్న ఇంకా గాల్లో ఏం చేస్తున్నారు?”

ఆంటీ ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వింది. “ఒసే పిచ్చిదానా, రోము గడియారం లండన్ కంటే గంట ముందే. అక్కడ పదిన్నరంటే మనకు ఆరున్నరే. మీ ఆయన ఎప్పుడో దిగేశాడు.”

అమ్మ నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో నన్ను స్నానాలగదిలోకి నెట్టింది. వచ్చినవాళ్ళంతా హాల్లో గారెలు తింటూ కూర్చుంటే, నేను శీకాయపొడి వాసనతో, నెత్తిన తువ్వాలు తలపాగాతో వచ్చి కేకు కోశాను. తర్వాత నాన్న మళ్ళీ ఫోను చేసి, రెండు మోతలూ వినపడలేదా అనడిగారు.

“వినపడ్డాయిలెండి. మీరింత తొందరగా దిగుతారని ఎవరనుకున్నారు?” అంది అమ్మ.

ఇప్పుడా రెండు మోతలూ లేవు, తీగల ఫోనూ లేదు. మా ఆయన ఎటెళ్ళినా మా అమ్మాయి సెల్‌ఫోనులో బుల్లి విమానం కదలడం చూస్తూ కూర్చుని, “హీ హాజ్ లాండెడ్, మమ్” అంటుంది. అప్పుడే నేను చీపురు తీస్తాను. గ్లోబు మాత్రం అలమరలో ఉంది. రోము మీద నా వేలి నూనెమరక ఇంకా పోలేదు.

మీ ఇంటినుంచి బయలుదేరినవాళ్ళు ఏ ఊళ్ళోనైనా చల్లగా దిగాలి, మీ పిల్లలకు వేళకు తలంటు అందాలి, మీ ఇల్లు పదికాలాలపాటు నవ్వుతుండాలి.