పన్నెండు అరల సంచి

ఊళ్ళో ఆయన్ని ఫొటోగ్రాఫరు అనేవాళ్ళు తక్కువ. పసిపిల్లల దగ్గర్నుంచి పోలీసుల దాకా అందరికీ ఆయన వాచీల మావయ్యే. పోనీ జన్మలో ఎప్పుడైనా వాచీలు అమ్మాడా అంటే అమ్మలేదు, బాగుచేశాడా అంటే చేయలేదు. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం ఆయన వేసే కేకల వల్ల వచ్చిన పేరది.

మూడు వందల ఏళ్ళ కిందట నగరాన్ని చుట్టుముట్టిన శత్రువులు విసిగి వెళ్ళిపోయాక కోట తలుపులు మళ్ళీ తెరిచారు. ఆ రోజును ఊరంతా ఏటా పండగలా జరుపుకుంటుంది. గుమాస్తాలు, కూరలమ్మేవాళ్ళు, బడిపంతుళ్ళు ఆ కాలపు బట్టలు కట్టుకుని, కర్రకత్తులు పట్టుకుని, డోళ్ళు వాయిస్తూ కోట వీధిలో నడుస్తారు. ఆ ఊరేగింపు ఫొటోల్లోంచి ఏడాదికి ఒక్కటి నగర కార్యాలయం మెట్ల గోడకి ఎక్కుతుంది. షరతు ఒకటే: ఆ కాలంలో లేని వస్తువేదీ ఫొటోలో కనబడకూడదు.

ఇరవై ఆరేళ్ళు తీసినా వాచీల మావయ్య ఫొటో ఒక్కటీ ఆ గోడ ఎక్కలేదు. ఒక ఏడు మంత్రిగారి ముక్కు మీద కళ్ళజోడు. ఒక ఏడు రాణిగారి తల మీదుగా కరెంటు తీగ. ఎక్కువసార్లు మాత్రం వాచీయే. వీరావేశంతో కత్తెత్తిన చెయ్యి, ఆ చేతికి తళతళమంటూ వాచీ! అందుకే ఊరేగింపు కదలబోయే ముందు ఆయన వరసల వెంట పరుగులు పెట్టేవాడు.

"ఏమయ్యా, వాచీ తియ్యి! శత్రువులు వాకిట్లో ఉంటే నీకు టైముతో పనేంటి? సేనాపతిగారూ, మీక్కూడా చెప్పాలా?"

తీయించిన వాచీలు పెట్టడానికి ఆయన భార్య పాత పరదా గుడ్డతో పన్నెండు అరల సంచి కుట్టింది. అరకో అంకె. "మీ ఫొటో ఆ గోడ ఎక్కేలోపు నాకు మోకాళ్ళు పోతాయి. ఇక మెట్లెక్కి చూసినట్టే!" అని దెప్పేది. దెప్పుతూనే, పండగనాడు పొద్దున్నే కెమెరా అద్దం మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టేది.

ఇరవై ఏడో ఏటికి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే తెలిసేది. వచ్చే ఏడు ఈ చేత్తో కెమెరా నిలపగలనో లేదో అన్న మాట భార్యకి చెప్పలేదు. ఆమె అడగలేదు గానీ, గ్లాసు సగమే నింపి ఇస్తోంది.

ఎక్కితే ఈ ఏడే ఎక్కాలి. అందుకని నెల ముందు నుంచే రోజూ సాయంత్రం వెళ్ళి కోట కమాను కింద ఎండ ఎలా పడుతోందో చూసి వచ్చాడు. సూర్యుడు కమాను వెనక్కి దిగాక, ఓ పది నిమిషాలు రాళ్ళన్నీ పసుపు పూసినట్టు వెలుగుతాయి. ఆ పది నిమిషాల్లో డోళ్ళవాళ్ళు కమాను దాటాలి. ఈ ఏడు ఊరేగింపు సరిగ్గా ఆ వేళకే వస్తుందని నిర్వాహకులు చెప్పారు.

సైనికుడి భార్య వేషంలో ఉన్న ఆస్పత్రి నర్సు ఒక్కతే వాచీ తీయడానికి మొరాయించింది.

"ఇట్నుంచిటే డ్యూటీకి పోవాలి మావయ్యా. అది లేకపోతే నాకు చెయ్యి లేనట్టే ఉంటుంది."

"నీ చెయ్యి ఎక్కడికీ పోదులేమ్మా. ఏడో అర. గుర్తుపెట్టుకో."

కమాను ఎదురుగా ఎత్తుపీట వేసుకుని ఎక్కాడు. అనుకున్నట్టే ఎండ దిగింది. ఊరేగింపు ముందు నడిచే ఆడవాళ్ళ వరస కమాను దాటి ఆయన పీట పక్కకి వచ్చేసింది. వాళ్ళ వెనకే డోళ్ళవాళ్ళు. ఇంకో పదడుగులు వేస్తే ఎండలోకి వస్తారు. ఆయన ఊపిరి బిగపట్టాడు. చిత్రం, చెయ్యి వణకలేదు.

అప్పుడే, దారికి అడ్డంగా కట్టిన తాడుకి అవతల జనంలో నిలబడ్డ ఓ ముసలావిడ మెల్లగా కిందికి జారిపోయింది. నర్సు వరసలోంచి ఒక్క గెంతు గెంతి ఆవిడ పక్కన కూలబడి మణికట్టు పట్టుకుంది. పక్కనున్న పెద్దమనిషి తన వాచీ చెయ్యి చాపాడు.

"ముల్లు కదలదేంటండీ?"

"అది ఆగిపోయి రెండేళ్ళయిందమ్మా. చేతికి బోసిగా ఉంటుందని..."

నర్సు తలెత్తి అరిచింది. "మావయ్యా! ఏడో అర!"

ఆయన కమాను వైపు చూశాడు. ఇంకో నాలుగడుగులు. "ఒక్కటి తీసి దిగుదామనుకున్నానే, అబద్ధమెందుకు," అని తర్వాత భార్యతో అన్నాడు. కానీ దిగాడు. మెళ్ళో కెమెరా ఊగుతుండగా మోకాళ్ళ మీద కూర్చుని, భుజాన ఉన్న సంచి ఏడో అరలోంచి వాచీ తీసి నర్సు కళ్ళ ముందు పట్టుకున్నాడు. ఇప్పుడు వణికింది చెయ్యి.

"కదపకండి."

ఎడమచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకున్నాడు. వెనక డోళ్ళు కమాను దాటి వెళ్ళిపోయాయి. ఆ మోత వీపుకి తగులుతోంది. తిరిగి చూడలేదు.

"నీరసం. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా మామ్మగారూ?"

ముసలావిడ కళ్ళు తెరిచింది. "ముందు చోటు దొరకాలని పెందలాడే వచ్చానే తల్లీ."

ఎవరో చెంబుతో నీళ్ళందించారు. నర్సు వాచీ చేతికి పెట్టుకుని, "ఇంకోసారి చూస్తాను," అంటూ మళ్ళీ నాడి పట్టింది. ముసలావిడ గటగటా తాగుతోంది. కమాను కింద పసుపంతా పోయి రాళ్ళు మామూలు రాళ్ళయిపోయాయి. ఆయన మోచెయ్యి మోకాలికి ఆనించి ఒక్క ఫొటో తీశాడు: పాతకాలపు శాలువా, ముడతల మణికట్టు, పెదాలతో లెక్కపెడుతున్న నర్సు, ఆమె చేతికి వాచీ.

దాన్నే తీసుకెళ్ళి నగర కార్యాలయంలో ఇచ్చాడు. గుమాస్తా భూతద్దం కూడా తియ్యలేదు.

"వాచీ ఉంది మావయ్యా."

"ఉంది."

"మీరేనా ఇది తెచ్చింది? పోనీ ఆ పక్క కాస్త కత్తిరిద్దామా?"

"ఆ చెయ్యి తీసేస్తే ఇంకేముందయ్యా అందులో?"

గోడ ఎక్కలేదు. ఆయన స్టూడియో కిటికీలోకి ఎక్కింది. భార్య వీధిలో నిలబడి చాలాసేపు చూసింది. "ఇదీ నయమే. మెట్లెక్కే పని లేదు," అంది. ముసలావిడ కూడా వచ్చి చూసుకుని, జుట్టు దువ్వుకునేదాకా ఆగకూడదా అని కోప్పడి, నెల తిరక్కుండా చుట్టాలందర్నీ వెంటబెట్టుకొచ్చింది.

మరుసటేడు కెమెరాకి మూడుకాళ్ళ స్టాండు వచ్చింది. కేకలు మాత్రం అవే. నర్సు వాచీ తీయబోతుంటే ఆయన చేత్తో ఆపాడు.

"నువ్వుంచుకో అమ్మా. దాని మీద శాలువా కప్పుకో, చాలు."

"ఇదెక్కడి న్యాయం మావయ్యా? ఆవిడకొకటీ మాకొకటీనా?" అన్నాడు సేనాపతి.

"నువ్వూ నాడి చూడ్డం నేర్చుకుని రా, ఉంచుకుందువు గానీ. ముందు అది ఇలా ఇయ్యి. మూడో అర!"