అన్‌ఫిట్ కాగితం కోసం వెళ్లాను

ఆ రోజు ఫస్ట్ షిఫ్ట్. తలకు దీపం పెట్టుకుని, మమ్మల్ని బొగ్గుగనిలోకి దించే తాడు కుర్చీ ఎక్కాను. ఇరవై ఆరేళ్లుగా గనిలో పనిచేస్తున్నవాణ్ణి, నాకు కొత్తేమీ కాదు. సగం దూరం దిగేసరికి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. గాలి బాగానే వీస్తోంది, నాకే అందడం లేదు. కిందికి చేరాక తోటివాళ్లు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి పైకి పంపారు. పైకొచ్చిన పావుగంటకు ఏమీ లేదు. టీ కూడా తాగాను. సిగ్గేసింది.

నాలుగు రోజులకు మళ్లీ అదే. ఆ తర్వాతి వారం దీపాలిచ్చే గది దగ్గరే మొదలైంది. ఇంట్లోనూ ఒక్కచోట కూర్చోలేకపోయేవాణ్ణి. భూపాలపల్లిలో మా క్వార్టర్ల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. అన్నం నిలబడి తినేవాణ్ణి. నా భార్య సరోజన "కాళ్లకు చక్రాలు కట్టుకున్నవా ఏంది? జర కూసో" అని విసుక్కునేది. కూర్చుంటే మోకాళ్లు ఆడుతూనే ఉండేవి.

హనుమకొండలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, అన్నీ నార్మల్. డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి, "గుండె మంచిగున్నది. ఇవి ప్యానిక్ అటాక్స్. ఒక థెరపిస్టును కలువు" అన్నాడు. నాకు జబ్బు ఉందన్నాడో లేదన్నాడో ఇంటికొచ్చే దాకా తేల్చుకోలేకపోయాను.

నా బావమరిది కొమురయ్యకు మాత్రం వెంటనే తేలిపోయింది. గూడూరు నుంచి పొద్దుటి బస్సుకే దిగి, "బావా, పరేషాన్ గాకు. గిది మన మంచికే వచ్చింది. అన్‌ఫిట్ పెట్టుకో, పిలగానికి నౌకరి అయితది" అన్నాడు. గని కార్మికుడు ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని బిడ్డకు ఉద్యోగం వచ్చే వీలుంది. దాన్నే మేము అన్‌ఫిట్ అంటాం. మా శ్రావణ్ డిగ్రీ చేసి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. నాకెలా ఉందని ఆ రోజు ఒక్కరూ అడగలేదు. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. నాకే అంత ఆశ ఉన్నప్పుడు వాళ్లను ఏమనను?

మనసు డాక్టరు కాగితం ఒకటి ఫైల్లో ఉంటే బోర్డు దగ్గర బరువుగా ఉంటుందని కొమురయ్య లెక్క. హనుమకొండలో ఏ దవాఖాన బెంచీ మీద చూసినా మా గనివాళ్లే ఉంటారు. అందుకని జనగామ ఎంచుకున్నాం. అక్కడ కళ్లద్దాల షాపు పైన ఒక గది తీసుకుని ఒకావిడ సొంతంగా థెరపీ చేస్తుందని సరోజన చెల్లెలు చెప్పింది. బస్సులో సీటు దొరికినా నేను నిలబడే వెళ్లాను. మెట్లెక్కుతుంటే కొమురయ్య చెవిలో, "లోపటికి పోయినంక చేతులు జర వణికియ్యి బావా" అన్నాడు.

ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. "తోడొచ్చినాయన బయట కూర్చుంటరు. లోపల మీరొక్కరే" అంది. బీపీ మిషను లేదు, మంచం లేదు. రెండు కుర్చీలు, ఒక కిటికీ. నేను ఫైలు ఒళ్లో పెట్టుకుని, నేర్పినట్టే చేతులు వణికించాను. ఆమె కాసేపు చూసి, "ఏం కావాలని వచ్చిండ్రు?" అని అడిగింది.

"కాగితం, మేడం. గనిలకు దిగలేనని."

"నేను సర్టిఫికెట్లు ఇయ్యను. మందులు రాయను. మందులు కావాలనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్త. మీరు మాట్లాడితే వింట. వారానికొక సెషన్. ఆలోచించుకొని రండి."

ఒళ్లు మండింది. కొమురయ్య మాత్రం, "ఇంకో రెండుసార్లు పో. ఆమెనే మెత్తవడ్తది" అన్నాడు.

రెండో సెషన్‌లో మళ్లీ చేతులు వణికించాను. ఆపుదామనుకుంటే ఆగలేదు. భుజాల దాకా పాకింది, ఊపిరి బిగిసింది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఆమె కంగారు పడలేదు. "పాదాలు నేలకు ఆనించండి. ఈ గదిలో కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పండి" అంది. ఫ్యాను అన్నాను. కిటికీ, గడియారం, నా చెప్పులు. ఐదోది దొరకలేదు, వెతుకుతుండగానే ఊపిరి అందింది. "మొదలు నాటకమే మేడం. తర్వాత నాటకం కాదు" అని ఒప్పుకున్నాను. "ఆ నాటకం ఎవరి కోసం?" అని అడిగింది. సమయం మిగిలి ఉండగానే లేచి వచ్చేశాను.

మూడోసారి కూర్చోనన్నాను. "నడుచుకుంటనే చెప్పండి" అంది. గంటసేపు గోడ నుంచి గోడకు తిరుగుతూ షిఫ్టుల గురించి, అధికారుల గురించి, వానల గురించి మాట్లాడాను. అసలు విషయం మాత్రం నోటిదాకా రాలేదు.

నాలుగోసారి ఆమె, "మొదటిసారి దడ వచ్చిననాడు తాడు కుర్చీ మీద ఏం చూసిండ్రు?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నా ముందు కుర్చీలో కొత్తగా చేరిన పిల్లవాడు. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగంలోకి వచ్చాడు. వెనక నుంచి మెడ, భుజాలు అచ్చం మా శ్రావణ్‌వే. "నా కొడుకే దిగుతున్నట్టు అనిపించింది మేడం" అన్నాను. అని, కుర్చీలో కూలబడ్డాను. "నేను దిగలేని కాడికి వాన్ని దించేటందుకు మిమ్మల్ని కాగితం అడుగుతున్న." ఏడ్చాను. నా తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇంటికెళ్లి అన్‌ఫిట్ పెట్టుకోనని చెప్పాను. కొమురయ్య చెంబు విసిరికొట్టి, "పిలగాని నోటికాడి బుక్క గుంజుకుంటివి గదా బావా" అని వెళ్లిపోయాడు. సరోజన ఆ చెంబు తీసి లోపల పెట్టింది. శ్రావణ్ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "బాపూ, నాకు భయం లేదు. నువ్వు దిగకు, నేను దిగుత" అన్నాడు. కొమురయ్య తిట్టినదానికన్నా వాడి ప్రేమే నన్ను ఎక్కువ కోసింది. "నాకున్నదిరా భయం" అన్నాను. వాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

"మీరు దిగాలె అని నేను అంటలేను. నిజంగనే దిగలేకపోతే అది తప్పు కాదు. ఏదైనా మీరే తేల్చుకోండి" అంది మేడం, తర్వాతి సెషన్‌లో. నేను దిగుతానన్నాను. అటాక్స్ మొదలయ్యాక పెట్టిన సెలవులో ఉండగానే రోజూ దీపాలిచ్చే గది దగ్గర పది నిమిషాలు నిలబడి రమ్మంది. తోటివాళ్లు "ఏం సమ్మన్నా, దీపాలు లెక్కవెట్ట పెట్టిండ్రా నిన్ను?" అని ఆటపట్టించారు. తర్వాత గనిలోకి దిగే ముఖద్వారం దాకా. ఆ తర్వాత డ్యూటీలో చేరి కుర్చీ ఎక్కాను. మూడు రోజులు బాగానే దిగి, నాలుగో రోజు కుర్చీ దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాను. కోపంతో రెండు సెషన్లు ఎగ్గొట్టాను. మళ్లీ వెళితే ఆమె సంజాయిషీ అడగలేదు, కుర్చీ చూపించింది.

ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నాను. గుండె ఎప్పుడైనా దడదడమంటుంది, అననిస్తాను. నెలకొకసారి జనగామ బస్సెక్కుతాను. శ్రావణ్ మహబూబాబాద్‌లో ట్రాక్టర్ల షోరూములో చేరాడు. ఫోన్ చేస్తే ముందు వాళ్లమ్మతోనే మాట్లాడతాడు, నాతో పొడిపొడిగా. నేను చేసింది సరైనదేనా అని తీరిగ్గా ఉన్నప్పుడల్లా అనుమానం వస్తుంది. అప్పుడు లేచి నాలుగడుగులు తిరుగుతాను. నేను బాగుపడడం మా ఇంట్లో ఎవరికీ పండుగ కాలేదు.

థెరపీకి వెళ్లాలనుకునేవారికి నేను చెప్పేది ఒక్కటే. మీరు బాగుపడకపోతే ఎవరికి ఏం మేలు జరుగుతుందో మొదటి రోజే చెప్పేయండి. ఆ మేలు కోరేవాళ్లలో మీరూ ఉంటే, ముందు మీ పేరే చెప్పండి. నా పేరు చెప్పడానికి నాకు నాలుగు సెషన్లు పట్టాయి.